తొలి పేజీలు లేని పుస్తకం

తక్కెట్లో ఒక పక్క అరకిలో రాయి, ఇంకో పక్క ఆ పుస్తకం. ముల్లు పుస్తకం వైపే ఒరిగింది. సాయిబు గారు పుస్తకాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "రెండు రూపాయలిచ్చి తీసుకుపో అబ్బయ్యా. ఇది పొట్లాలక్కూడా పనికిరాదు" అన్నారు.

1988 జనవరి, సంక్రాంతి సెలవులకు ముందు మాట. నెల్లూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ట్రంకు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఆ పాత పేపర్ల కొట్టు ఉండేది. పొట్లాలు కట్టుకునే చిల్లర కొట్లవాళ్ళు వారపత్రికల కాగితాన్నే ఎగబడి కొనేవాళ్ళు. పేజీ పెద్దది, మడిస్తే చిరగదు. ఇంగ్లీషు నవలల పేజీ చిన్నది, పైగా పాతబడితే మడత దగ్గర అప్పడంలా విరిగిపోతుంది. అందుకని వాటిని సాయిబు గారు గోనెపట్టా మీద విడిగా పడేసేవారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అయినా పుస్తకం చేతికిచ్చేటప్పుడు వెనక కుట్టు మీద వేలు పెట్టి నొక్కి చూసి, "కుట్టు గట్టిగా ఉంది, తీసుకో" అనేవారు. ఆ మాట ఎప్పుడూ తప్పు కాలేదు.

ఈ పుస్తకానికి అట్ట లేదు. పేరు పేజీ లేదు. మొదటి పదిహేను పేజీల దాకా ఎవరో చింపేసుకున్నారు. పేజీల నెత్తిన మాత్రం 'ఇండిపెండెంట్ పీపుల్' అని ఉంది. రాసినాయన ఎవరో, ఏ దేశమో ఎక్కడా లేదు. మధ్యలో ఒక పేజీ తీస్తే గొర్రెల మంద, మంచు, కాఫీ కనిపించాయి. గొర్రెల గురించి ఇంత లావు నవల రాసేవాళ్ళుంటారా అనిపించి కొన్నాను.

అప్పటికి నా చదువు ఎంతో చెప్పాలి. మాది కందుకూరు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం, ఇంట్లో వారపత్రికల సీరియల్స్ చింపి కుట్టిన బైండు పుస్తకాలు, అప్పుడప్పుడూ ఊరికొచ్చే విశాలాంధ్ర పుస్తకాల వ్యాను. వ్యానులో మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు, మంచి కాగితం, గట్టి అట్ట, ధర మాత్రం మా చేతికందేది. అందువల్ల యూరప్ అంటే మాకు రష్యా. ఆ పైన కాలేజీ పాఠాల పుణ్యమా అని ఇంగ్లండు. మిగతాదంతా అట్లాసులో రంగులే.

సెలవులకు ఇంటికొచ్చేసరికి పొగాకు పని మొదలైంది. పొగాకు పండించే ఇళ్ళలో పిల్లలకు ఫిబ్రవరి, మార్చి నెలలంటే నిద్ర లేని నెలలు. పచ్చాకు కొట్టుకొచ్చి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో, అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే కొట్టంలో, వరసలుగా ఎక్కించాక అయిదారు రోజులు రాత్రీ పగలూ పొయ్యి కాల్చాలి. 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు రంగు తేలేదాకా ఆగి, మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర్లో ఈనె ఆరడానికి 160 దాకా తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యమైతే నల్లబడుతుంది. ఆకు ఊడి కాలే గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. కాబట్టి పొయ్యి దగ్గర ఎవరో ఒకరు మేలుకోనే ఉండాలి. మా ఇంట్లో ఆ ఒకరు మా తాత. శని, ఆదివారాలు నెల్లూరు నుంచి బస్సెక్కి వచ్చినప్పుడల్లా ఆయనకు తోడు నేను.

మొదటి రాత్రి లాంతరు దగ్గర కూర్చుని చదువుకుంటున్నాను. తాత సరివి కట్టెలు లోపలికి నెట్టి, చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"ఏందబ్బయ్యా అంత ఇదిగా చదువుతుండావ్?"

"గొర్రెల కథ తాతా."

"ఎన్ని జీవాలు?"

ఆ ప్రశ్నకు నేను వెనక్కు తిప్పి వెతకాల్సి వచ్చింది. నేను చదివిన యాభై పేజీల్లో అది నా కంటికి ఆనలేదు. తాతకు మొదట తెలియాల్సింది అదే. మందలో ఎన్ని, అందులో సొంతవి ఎన్ని, అప్పు మీద తెచ్చినవి ఎన్ని.

అట్లా మొదలైంది. నేను చదివింది చదివినట్టు ఆయనకు తెలుగులో చెప్పడం. కథలో మనిషి పేరు బ్యార్తుర్. పద్దెనిమిదేళ్ళు ఒక పెద్ద రైతు దగ్గర పనిచేసి, ఆ కూలితో బంజరు లాంటి ఒక కొండలోయ కొనుక్కుంటాడు. ఎవరికీ బాకీ లేకుండా, ఎవరికీ చెయ్యి చాచకుండా బతకాలని ఆయన పట్టుదల. ఆ చోటును అంతకుముందు 'వింటర్‌హౌసెస్' అనేవాళ్ళు. ఈయన 'సమ్మర్‌హౌసెస్' అని మార్చుకుంటాడు. చలికాలపు ఇళ్ళను ఎండాకాలపు ఇళ్ళు చేశాడన్నమాట. తాత ఒప్పుకోలేదు. "పేరు మారిస్తే చలి పోద్దా?" అన్నాడు. మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడి మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరులోకే వచ్చాం. కాగితం మీద ఊరి చిరునామా మారినప్పుడల్లా నాకు తాత మాటే గుర్తొస్తుంది.

ఆ లోయ దారిలో ఒక రాళ్ళ కుప్ప ఉంటుంది. దాని కింద గున్‌వోర్ అనే ఆడమనిషి దయ్యమై ఉందని, దారిన పోయేవాళ్ళు తలా ఒక రాయి వెయ్యాలని నమ్మకం. కొత్త పెళ్ళాం రోసా భయపడి, ఒక రాయి వేసి పోదామని బతిమాలుతుంది. బ్యార్తుర్ వెయ్యడు, వెయ్యనివ్వడు.

"ఒక రాయి వేస్తే ఆయన సొమ్మేం పోయింది?" అన్నాడు తాత. తర్వాత కాసేపాగి, "ఎవురా యమ్మ? ఎందుకట్టా అయింది?" అని అడిగాడు.

ఆ సంగతి చినిగిపోయిన పేజీల్లో ఉంది తాతా, నాకు తెలీదు అన్నాను. తాత రెండు మూడు రాత్రులు దాని గురించే ఆలోచించాడు. ఒక రాత్రి కట్టెలు సర్దుతూ ఆయనే చెప్పాడు. "ఆ నేల ఆ యమ్మదై ఉంటది. మొగుడు పోయినాక ఊళ్ళో పెద్దోళ్ళు లాక్కోనుంటారు. పిలకాయల్తో కట్టుబట్టల్తో ఎళ్ళగొట్టి ఉంటారు. ఆ ఉసురు ఆడుండాది. అందుకే ఆడ ఎవురూ నిలవలా." పుస్తకంలో లేని మొదటి పేజీలు ఆయన అలా పూర్తిచేశాడు. మేమిద్దరం ఆ రోజు నుంచి అదే నిజమనుకుని మిగతా కథ చదువుకున్నాం.

రోసా సంగతి చెప్పిన రాత్రి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. బ్యార్తుర్ కొండల మీద మేస్తున్న గొర్రెలను తోలుకురావడానికి పోతూ, ఒంటరిగా ఉన్న భార్యకు తోడుగా ఒక గొర్రెను ఇంట్లో వదిలి వెళతాడు. కడుపుతో ఉన్న మనిషి. ఎన్నో నెలలుగా ఒక మాంసం ముక్కకు, పాలచుక్కకు మొహం వాచి ఉంది. గాలివాన రాత్రి భయంతో, ఆకలితో ఆ గొర్రెను కోసుకు తింటుంది. తర్వాత ఆయన తప్పిపోయిన ఆ గొర్రెను వెతుక్కుంటూ మంచులో పోయి, చావు తప్పి ఇల్లు చేరేసరికి రోసా కాన్పులో చనిపోయి ఉంటుంది. పుట్టిన బిడ్డను ఆకలికి బక్కచిక్కిన కుక్క తన ఒంటి వేడితో కాపాడుతూ ఉంటుంది.

తాత ఏమీ మాట్లాడలేదు. లేచి పోయి థర్మామీటరు చూసొచ్చాడు. అయిదు నిమిషాల క్రితమే చూశాడు. మళ్ళీ కూర్చుని, చాలాసేపటికి, "కడుపుతో ఉన్న మనిషికి తినాలనిపించదా? అడగనన్నా అడగలా మొండోడు" అన్నాడు. మా నాయనమ్మ మా నాన్నను కన్న ఏడాది కరువట. ఆ సంగతి నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి తాత చెప్పాడు.

చివరి భాగం ఇంకా దగ్గరగా తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఉన్నికీ మాంసానికీ ధరలు లేస్తాయి. అప్పంటే గిట్టనివాడు ఆ ధర చూసి అప్పు తెచ్చి మేడ కట్టడం మొదలుపెడతాడు. యుద్ధం అయిపోయి ధర పడిపోతుంది. ఇల్లు, నేల వేలానికి పోతాయి. పొగాకు రైతు ఇంట్లో ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒక ఏడు రేటు బాగా పలికిందని ఇంకో బ్యారన్ కట్టిన వాళ్ళు మా వీధిలోనే ముగ్గురు. తాత ఒక్క మాటే అన్నాడు. "ధరను నమ్మి ఇల్లు కట్టగూడదబ్బయ్యా, పంటను నమ్మి కట్టాల."

మరుసటి ఏడు, 1989 నవంబరులో, కావలి తుఫాను. థాయిలాండ్‌లో 'గే' అనే పేరుతో తీరం దాటి బంగాళాఖాతంలోకి వచ్చిన ఆ తుఫాను కావలి దగ్గర మన మీద పడింది. నేను నెల్లూరు నుంచి ఇల్లు చేరడానికి రెండు రోజులు పట్టింది. బ్యారన్ పైకప్పు లేచిపోయింది. ఇంట్లో ట్రంకు పెట్టె నీళ్ళలో మునిగి, పుస్తకాలన్నీ ఉబ్బి ముద్దయ్యాయి. నేను వాటిని తీసి మూలకు నెట్టేస్తుంటే తాత ఆ గొర్రెల పుస్తకం ఒక్కటి తీసుకున్నాడు. కుట్టు జాగ్రత్తగా విప్పి, పేజీలను కట్టలు కట్టలుగా విడదీసి, పొగాకు కర్రల మీద వేలాడేసి నీడన ఆరబెట్టాడు. పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి తిప్పేవాడు. "ఎండలో పెడితే ఆకైనా కాయితమైనా పెళుసెక్కుద్ది" అన్నాడు. వారం తర్వాత గోనెలు కుట్టే సూదితో మళ్ళీ కుట్టాడు. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. పేజీల అంచుల్లో పొగాకు మరక, తీసినప్పుడల్లా సన్నగా ఆ వాసన.

రాసినాయన పేరు 1990లో దొరికింది. ఉద్యోగం పరీక్ష రాయడానికి మద్రాసు పోయినప్పుడు, రైలుకు టైముందని ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ చెక్క సొరుగుల్లో కార్డులు. పుస్తకం పేరు పట్టుకుని వెతికితే ఒక కార్డు దొరికింది. హల్దోర్ లాక్స్‌నెస్. ఐస్‌లాండ్. ఆ పక్కనే ఉన్న విజ్ఞాన సర్వస్వంలో ఆయన మీద ఒక చిన్న వ్యాసం ఉంది. 1955లో నోబెల్ బహుమతి వచ్చిందని చదివి, నిలబడినవాణ్ణి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు రూపాయలకు తూకానికి కొన్న పుస్తకం అది!

ఆ దేశం గురించి తర్వాత ఇంకొంచెం తెలుసుకున్నాను. ఇప్పటికీ మొత్తం జనాభా 4 లక్షల లోపే. ఒక్క నెల్లూరు నగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నాం. అంతమంది మాట్లాడే భాషలో 1934, 1935లలో రెండు భాగాలుగా వచ్చిన నవల ఇది. జె.ఎ. థాంప్సన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. 1946లో అమెరికాలో లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంగ్లీషులో అచ్చులోనే లేదు. మళ్ళీ 1990లలో గానీ రాలేదు. అంటే నేను ఆ నవలను కొత్త పుస్తకాల షాపులో అడిగి ఉంటే దొరికేదే కాదు. దాన్ని ఎవరో నెల్లూరు దాకా తెచ్చి, చదివి, పాత పేపర్లలో కలిపేయబట్టి నా చేతికొచ్చింది. ఐస్‌లాండిక్ నుంచి ఇంగ్లీషులోకి థాంప్సన్ తెస్తే, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి బ్యారన్ పొయ్యి దగ్గర నేను తెచ్చాను. విన్నది ఒక్కరే అయినా అది నాకు గర్వమే.

ఇంటికి రాగానే తాతకు చెప్పాను. నోబెల్ బహుమతి మాట ఆయనకు పట్టలేదు. "ఆయన జీవాలు కాసినోడేనా?" అని అడిగాడు. పుట్టింది పట్నంలోనే గానీ చిన్నప్పుడే వాళ్ళ వాళ్ళు లాక్స్‌నెస్ అనే పొలం ఇంటికి మారారు, అక్కడే పెరిగాడు, పెద్దయ్యాక ఆ ఊరి పేరే తన పేరుకు తగిలించుకున్నాడు అన్నాను. ఐస్‌లాండ్‌లో మామూలుగా ఇంటిపేర్లుండవు, తండ్రి పేరే చివర పెట్టుకుంటారు. తాత మొహం వెలిగింది. "అయితే మన లెక్కే. ఊరి పేరు ఇంటిపేరు చేసుకున్నాడు" అన్నాడు.

నేనెప్పుడూ ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి క్రమపద్ధతిలో పోలేదు. పేరు తెలియని రచయిత కనిపిస్తే ఆగడం మాత్రం అలవాటైంది. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లోనే కాలిపోయినా, పాత పుస్తకాలవాళ్ళు సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం దగ్గర కొట్లు పెట్టుకున్నారు. అక్కడే జొవాన్ని వెర్గా దొరికాడు. సిసిలీ ద్వీపం మనిషి. 1881లో రాసిన నవల, ఇంగ్లీషులో 'ద హౌస్ బై ద మెడ్లర్ ట్రీ'. ఆచి త్రెజ్జా అనే పల్లెలో ఒక జాలరి కుటుంబం. అప్పు మీద సరుకు కొని పడవకెత్తుతారు. తుఫానులో పడవ దెబ్బతిని, సరుకూ కొడుకూ పోతారు. అప్పు మిగులుతుంది. ఆ అప్పు తీర్చడానికి చెట్టు నీడనున్న ఇల్లు పోతుంది.

అది చదివే నాటికి నేను బ్యాంకు ఉద్యోగిని, ఒంగోలుకు దగ్గర్లో, సముద్రం ఒడ్డు పల్లెలకు అప్పులిచ్చే శాఖలో. ఆ నవలలో కుటుంబం అసలు ఇంటిపేరు తొస్కానో. ఊరు పిలిచే పేరు మలవోల్యా. అదే మా పల్లెల్లోనూ. లెడ్జర్లో ఉన్న పేరు పట్టుకుని పల్లెలో అడిగితే ఎవరూ చెప్పలేరు. ఊరు పెట్టిన పేరు తెలిస్తే చిన్న పిల్లాడు కూడా ఇంటి దాకా తీసుకుపోతాడు. మొదటి ఏడాది ఆ సంగతి తెలియక ఎండలో తిరిగీ తిరిగీ వచ్చేవాణ్ణి. వెర్గా చదివాక లెడ్జర్ పక్కన చిన్న నోటుపుస్తకంలో అందరి ఊరి పేర్లూ రాసుకున్నాను. ఒక నవల ఉద్యోగంలో అంత సూటిగా పనికొస్తుందని ఎవరన్నా చెబితే నమ్మేవాణ్ణి కాదు. పగలు వసూలు నోటీసులు రాసి, రాత్రి ఆ నవల చదివిన రోజుల్లో సరిగ్గా నిద్రపట్టేది కాదు. ఒక ముసలాయన పడవ పోయినాక కూడా వాయిదా కట్టడానికి వచ్చి, ముడిచిన నోట్లు కౌంటరు మీద ఒక్కొక్కటే చేత్తో సాపు చేసి పెట్టాడు. పుస్తకంలో అప్పు తీర్చేదాకా కుదురుగా ఉండలేని తాత న్తోనీ ఆయనే.

2004లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద చెక్ రచయిత బొహుమిల్ హ్రబల్ రాసిన సన్నటి పుస్తకం ఒకటి కనిపించింది. 'టూ లౌడ్ ఎ సాలిట్యూడ్'. ప్రాగ్ నగరంలో ఒక నేలమాళిగలో 35 ఏళ్ళుగా చిత్తుకాగితాలను యంత్రంలో నొక్కి కట్టలు కట్టే హంత్యా కథ. నాశనం చెయ్యమని వచ్చిన పుస్తకాల్లో మంచివి ఏరి ఇంటికి మోసుకుపోతుంటాడు. హ్రబల్ 1950లలో స్వయంగా అలాంటి చోట పనిచేశారు. 1976లో రాసిన ఈ పుస్తకాన్ని అక్కడి ప్రభుత్వం అచ్చు కానివ్వకపోతే, టైపు కాపీలు చేతులు మారుతూ తిరిగాయి. బహిరంగంగా అచ్చయ్యేసరికి 1989. మెట్రో ఇంకా రాని హైదరాబాద్‌లో సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదువుతూ, మా సాయిబు గారు గుర్తొచ్చి దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆయన కూడా గోనెపట్టా మీద నాకోసం తీసిపెట్టేవారు కదా. చదవలేని భాషలో ఉన్న పుస్తకాలను, కుట్టు చూసి.

ఆ తర్వాతి నెల నెల్లూరు వెళ్ళాను. ఆ సందులో సెల్‌ఫోన్ల షాపు ఉంది. పక్క కొట్టులో పెద్దాయన్ను అడిగితే, "ఆయన పొయ్యి చాలా కాలమైంది సార్. పిలకాయలు బెంగుళూరులో ఉండారంట" అన్నాడు. తక్కెడ ఏమైందని అడగబోయి ఊరుకున్నాను.

మా తాత 1994లోనే పోయారు. 1999లో ఆ గొర్రెల నవల కొత్త కాపీ నా చేతికొచ్చింది. అట్టతో, రచయిత పేరుతో, మొదటి పేజీలతో సహా. పదకొండేళ్ళు ఎదురుచూసిన పేజీలు. మంచం మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కొలుమ్‌కిల్లి అనే మాంత్రికుడు ఆ నేలకు పెట్టిన శాపం ఉంది అందులో. గున్‌వోర్ గురించి కూడా ఉంది. ఆవిడ ఆ మాంత్రికుడితో చేతులు కలిపిన క్రూరురాలట. ఆవిడ నేల ఎవరూ లాక్కోలేదు. పిల్లలతో ఎవరూ వెళ్ళగొట్టలేదు.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు, కరెంటు పోయిన ఒక రాత్రి, మేడ మీద పడుకుని ఈ కథ చెప్పమంది. పుస్తకంలో ఉన్నట్టు మొదలుపెడదామని నోరు తెరిచాను. "అనగనగా ఒక చలి దేశం. అక్కడ ఒకామెకు కొండలోయలో కాస్త నేల ఉండేది. మొగుడు పోయాక ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని లాక్కుని, పిల్లలతో సహా వెళ్ళగొట్టారు" అని వచ్చింది.

"తర్వాత ఆ నేల ఎవరు కొన్నారు నాన్నా?" అంది.

"గొర్రెలాయన."

"ఎన్ని గొర్రెలున్నాయి?"